‘ప్లీజ్ రివర్ట్’ అని పంపే ముందు

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఆఫీసు మెయిళ్ళు రాసి చెయ్యి తిరిగినవాళ్ళు అమెరికా వచ్చాక కూడా ‘కైండ్లీ రివర్ట్ ఎట్ ది ఎర్లియెస్ట్’ అనే ముగిస్తుంటారు. మన దగ్గర దానర్థం జవాబివ్వమని. ఇక్కడివాళ్ళకు ఆ మాట వినగానే తట్టేది మునుపటి స్థితికి వెళ్ళిపోవడం. మామూలు కబురైతే సందర్భాన్ని బట్టి ఊహించుకుంటారు, పెద్దగా పోయేదేమీ లేదు. సాఫ్ట్‌వేర్ పనిలో అలా కాదు.

‘ప్లీజ్ రివర్ట్ ఆన్ దిస్ చేంజ్’ అని రాశారనుకోండి. మీరు అడిగింది అభిప్రాయం. అవతలి మనిషి ఆ మార్పును తీసెయ్యమంటున్నారనుకుని, గిట్‌హబ్‌లో (టీములు కోడ్ దాచుకుని కలిసి పనిచేసే సైటు) మెర్జ్ అయిన, అంటే అసలు కోడ్‌లో కలిసిపోయిన, పుల్ రిక్వెస్ట్ (మార్పును కలపమనే అభ్యర్థన) దగ్గర కనబడే రివర్ట్ బటన్ నొక్కవచ్చు. దాంతో ఆ మార్పును రద్దు చేసే కొత్త పుల్ రిక్వెస్ట్ తయారవుతుంది. అది కూడా మెర్జ్ అయిందా, మీ పని మెయిన్ బ్రాంచి (అసలు కోడ్ ఉండే శాఖ) నుంచి పోయినట్టే. గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం)లో రివర్ట్ పాత కమిట్‌ను, అంటే ముందు నమోదు చేసిన మార్పును, చెరపదు, దానికి సరిగ్గా ఎదురు మార్పులతో ఇంకో కమిట్ చేరుస్తుంది. చరిత్ర చెక్కుచెదరదు కాబట్టి నలుగురు వాడే బ్రాంచిలో, చరిత్రనే వెనక్కి తిప్పే రీసెట్ కంటే ఇదే క్షేమం. చిక్కల్లా ఒక బ్రాంచిని ఇంకోదాంట్లో కలిపిన మెర్జ్ కమిట్‌ను రివర్ట్ చేసినప్పుడే. ఆ తరవాత అదే బ్రాంచిని మళ్ళీ మెర్జ్ చేసినా పాత మార్పులు తిరిగి రావు, అవి ఇదివరకే కలిశాయని గిట్ లెక్క. అప్పుడు ఆ రివర్ట్ కమిట్‌నే రివర్ట్ చెయ్యాలి.

‘రివర్ట్’ అన్న మాటకు మూలం లాటిన్ ‘రెవెర్తెరె’. ‘రె’ అంటే వెనక్కి, ‘వెర్తెరె’ అంటే తిప్పడం. కన్వర్ట్, ఇన్వర్ట్, డైవర్ట్, వెర్షన్ అన్నీ ఆ ధాతువు బిడ్డలే. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. వెనక్కి అన్న అర్థం లోపలే ఉంది గనక ‘రివర్ట్ బ్యాక్’ అనడం పునరుక్తి.

మరి జవాబు అన్న అర్థం ఎక్కడిది? ‘టు రివర్ట్ టు ద సబ్జెక్ట్’, అంటే వదిలేసిన విషయానికి మళ్ళీ రావడం, పాతకాలం నుంచీ మంచి ఇంగ్లీషే. అక్కడినుంచి జవాబుకు ఒక్క అడుగు. బ్రిటన్ లాయర్లు, ఓడల బ్రోకర్లు ఇప్పటికీ ఆ అర్థంలో వాడతారు. సింగపూర్, మలేషియా, దుబాయ్ ఆఫీసుల్లోనూ ఇది చెల్లుతుంది. కాబట్టి తప్పు ఇంగ్లీషని సిగ్గుపడనక్కర్లేదు. అమెరికాలో చెల్లదు, అంతే.

అమెరికాలో ఈ క్రియ నిజంగా ఎదురయ్యే చోట్లు వేరు. విడాకుల తరవాత పుట్టింటి పేరుకు మారడం, షరతు తప్పితే స్థలం పాత యజమానికి చెందడం, ఫోన్ సెట్టింగులు మొదటికి రావడం. వీటిలో దేనికి మళ్ళుతున్నామో చెప్పేముందు ‘టు’ ఉండాలి. ‘ప్లీజ్ రివర్ట్ మీ’ అంటే వ్యాకరణం ప్రకారం నన్ను పాత స్థితికి తెచ్చెయ్యండి అని! ఉచ్చారణలో ఊనిక ‘వర్ట్’ మీద. ‘రి’ మీద ఊనిక పెట్టి నామవాచకంగా అంటే, కొత్తగా ఇస్లాం స్వీకరించిన వ్యక్తి అని. గల్ఫ్‌లో, బ్రిటన్‌లో ఈ మాట వినబడుతుంది.

బదులుగా ఏం రాయాలి? మీరు జవాబివ్వాల్సి ఉంటే ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ బై థర్స్‌డే’. అవతలివాళ్ళు ఇవ్వాల్సి ఉంటే ‘కుడ్ యూ లెట్ మీ నో బై థర్స్‌డే, 3 పీఎం ఈస్టర్న్?’ రోజు, గంట, టైమ్ జోన్ మూడూ చెప్పండి. ‘ఎట్ ది ఎర్లియెస్ట్’ అంటే ఎవరికీ గడువులా అనిపించదు, పైగా ఇంతకంటే ముందు కుదరదనే అర్థం కూడా ఉంది. ‘కైండ్లీ’ బదులు ‘ప్లీజ్’ చాలు. అన్నట్టు, ఔట్‌లుక్‌లో మీరు దాచుకున్న టెంప్లేట్లు, సెలవులో వెళ్ళే ఆటో రిప్లై ఒకసారి తెరిచి చూడండి. చాలామంది మెయిళ్ళలో మానేసిన ‘రివర్ట్’ అక్కడ అలాగే ఉండిపోతుంది.