పశువులను తోలే జాతి కుక్క చిన్నారుల మడమలను ఎందుకు కొరుకుతుంది?

ఆస్ట్రేలియన్ క్యాటిల్ డాగ్ పరుగెత్తే పిల్లల మడమలను కొరకబోవడం చాలావరకు కోపం వల్ల కాదు, మందను తోలే సహజ ప్రవృత్తి వల్ల జరుగుతుంది. 19వ శతాబ్దపు ఆస్ట్రేలియాలో, మొరాయించే పశువుల మడమలను కొరికి, అడుగడుగునా ఆజ్ఞ కోసం ఎదురుచూడకుండా సొంత నిర్ణయంతో వాటిని ఎంతో దూరం నడిపించేందుకు, అక్కడి అడవి కుక్క అయిన డింగో రక్తం కలిపి ఈ జాతిని రూపొందించారు. అందుకే మంద లేని ఇంట్లో అది పరుగెత్తే పిల్లవాడి వెంటపడుతుంది. అతడు కేకలు వేస్తూ వేగం పెంచితే దాని ఉత్సాహమూ పెరుగుతుంది. ఆ క్షణంలో పిల్లవాడు కదలకుండా నిలబడడం, పెద్దవారు కుక్క దృష్టిని బంతి వైపు మళ్లించడం మేలు. కొట్టి మాన్పించవచ్చన్నది హానికరమైన అపోహ, ఎందుకంటే దెబ్బల భయం నిజమైన కాటుకు దారితీయవచ్చు. రోజూ అలసిపోయేలా పరుగెత్తిస్తే చాలనుకోవడమూ పొరపాటే. దాచిన వస్తువును వాసనతో వెతికించడం వంటి బుద్ధికి పదునుపెట్టే పని దానికి అంతే అవసరం.