అప్పు చేసి నాణేల ఆల్బమ్ కొంటారా?

ప్రశ్న: నా వయసు 34. కరీంనగర్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికి వచ్చే జీతం రూ.52,000, ఇంటి ఖర్చు రూ.38,000. భార్య, నాలుగేళ్ల పాప, అమ్మ నాపైనే ఆధారపడి ఉన్నారు. ఆఫీసు ఆరోగ్య బీమాలో అమ్మ పేరు లేదు. ఈ మధ్యే పాత నాణేలు సేకరించడం మొదలుపెట్టాను. తెలిసిన పెద్దాయన ఒకరు నిజాం కాలపు వెండి నాణేల ఆల్బమ్‌ను రూ.3 లక్షలకు ఇస్తానంటున్నారు. నా పొదుపు రూ.41,000. బ్యాంకు 14 శాతం వడ్డీకి మూడేళ్ల వ్యక్తిగత రుణం ఇస్తామంటోంది. వెండి ధర పెరుగుతోంది కాబట్టి అవసరమైతే అమ్ముకోవచ్చు కదా? లేదంటే సిప్ (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కొంత మదుపు) మొదలుపెట్టడం మంచిదా?

జవాబు: ఆ రుణం తీసుకోకండి.

నాకు ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి. ఒకరికి స్టాంపులు, ఒకరికి పాత చేతి గడియారాలు, మరొకరికి గ్రామఫోన్ రికార్డులు. వస్తువులు వేరైనా అందరూ రాసే మాట ఒకటే: ‘అవసరమైతే అమ్ముకోవచ్చు’. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది ఆ ఒక్క మాట కోసమే.

అవసరం రాత్రి పదకొండు గంటలకు వస్తుంది. ఆస్పత్రి కౌంటర్‌లో అడ్వాన్సు కట్టమంటారు. అక్కడ ఆల్బమ్ తెరిచి చూపిస్తే ఎవరూ తీసుకోరు. తెల్లవారాక నాణేల వ్యాపారి దగ్గరికి వెళ్తారు. ఆయన ఒక్కో నాణేన్ని భూతద్దం కింద తిప్పి ‘దీన్ని ఎవరో చింతపండుతో తోమారు’, ‘ఈ సంవత్సరానివి బోలెడున్నాయి’ అంటూ పక్కన పెడతారు. మీ ముఖంలో తొందర కనిపించిందంటే ధర ఇంకా దిగుతుంది. ఇది ఊహించి రాస్తున్నది కాదు. మా నాన్నకు ఆపరేషన్ జరిగినప్పుడు నా స్టాంపుల ఆల్బమ్ పట్టుకుని నేనే తిరిగాను. పన్నెండేళ్లు కూడబెట్టిన దానికి కొన్న ధరలో మూడో వంతు చెప్పారు. అమ్మలేదు, చుట్టాల దగ్గర చేయి చాపాను. అప్పటి నుంచి నా దగ్గరకు ఎవరు వచ్చినా ముందు అడిగేది అత్యవసర నిధి సంగతే.

వెండి లెక్క కూడా చూద్దాం. నిజాం రూపాయి బరువు దాదాపు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. అంటే తొమ్మిది గ్రాములకు కాస్త ఎక్కువ. 1940లలో వచ్చిన వాటిలోనైతే సగమే వెండి. ఆ వెండి విలువకు మించి మీరు ఇచ్చే ప్రతి రూపాయీ నాణెం అరుదుతనానికీ, అది ఉన్న స్థితికీ ఇచ్చేదే. వెండి ధర పెరిగినంత మాత్రాన ఆ భాగం పెరగదు. దాని విలువ తెలిసిన కొనుగోలుదారు దొరికితేనే ఆ డబ్బు తిరిగి వస్తుంది. ఆన్‌లైన్‌లో లక్షలు ఇస్తామనే ప్రకటనలను నమ్ముకోకండి. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నాణేలకు కమీషన్, పన్ను వసూలు చేసే మోసగాళ్ల గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

ఇక రుణం. నెల వాయిదా సుమారు రూ.10,250. మూడేళ్లలో వడ్డీయే రూ.69,000 దాటుతుంది. అంతకంటే నన్ను భయపెట్టేది వేరే ఉంది. ఆరు నెలల ఖర్చు చొప్పున ఇప్పుడు మీకు కావలసిన అత్యవసర నిధి రూ.2.28 లక్షలు. వాయిదా చేరితే నెల ఖర్చు రూ.48,250 అవుతుంది, కావలసిన నిధి దాదాపు రూ.2.9 లక్షలకు చేరుతుంది. దాన్ని కూడబెట్టడానికి మీకు నెలకు మిగిలేది మాత్రం రూ.3,750. చేతిలో గొడుగు లేని మనిషి వానాకాలంలో ఇంటి పైకప్పు విప్పుకోవడం లాంటిది ఇది. సరదా కోసం 14 శాతానికి అప్పు ఇస్తామని బ్యాంకు ఫోన్ చేస్తే, పెట్టేయడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించనక్కర్లేదు.

మీకు నెలకు రూ.14,000 మిగులుతోంది. అందులో రూ.12,500 పక్కన పెడితే, ఉన్న రూ.41,000తో కలిపి పదిహేను నెలల్లో నిధి నిండుతుంది. అమ్మకు వెంటనే ఆరోగ్య బీమా తీసుకోండి. ప్రీమియం వల్ల మరో రెండు మూడు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు. సిప్ సంగతి నిధి నిండాక చూద్దాం.

నెలకు రూ.1,000 మాత్రం నాణేలకు ఉంచుకోండి. సరదా మానుకోమని నేను చెప్పను, అసలు ఆ డబ్బుతోనే చాలా నేర్చుకోవచ్చు. జేబులోని చిల్లరను బల్లపై పోసి సంవత్సరం అంకె కింద చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాలది, వజ్రం ఆకారం ఉంటే ముంబయిది, చుక్క ఉంటే నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. ఒకే సంవత్సరపు రూపాయిని నాలుగు చోట్ల నుంచీ సంపాదించడానికి కొన్ని నెలలు పడుతుంది, ఖర్చు మాత్రం నాణేల ముఖవిలువే. నాణేన్ని అంచులతో పట్టుకోండి. ఎంత నల్లబడినా తోమకండి. పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, పచ్చటి జిగురు పడుతుంది.

ఆ పెద్దాయనకు ఫోన్ చేసి, ఆల్బమ్ మొత్తం కాకుండా ఒక్క రూపాయి నాణెం విడిగా ఇస్తారేమో అడగండి. చార్మినార్ బొమ్మ ఉన్నదైతే మధ్య ద్వారంలోకి భూతద్దంతో చూడండి. అక్కడ చిన్న ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. ‘మీమ్’ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంది, ‘ఐన్’ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది. ధర ఒప్పుకునే ముందు చిన్న త్రాసు మీద బరువు తూచడం మరవకండి.