పాత ఫ్లోర్ జాక్ కిందికి జారుతోందా? బాగు చేసుకోవాలా, కొత్తది కొనాలా?

విదేశాలకు కొత్తగా వచ్చినవాళ్లకు ఫ్లోర్ జాక్ (కారును ఎత్తే, చక్రాలున్న హైడ్రాలిక్ జాక్) చాలాసార్లు సెకండ్ హ్యాండ్ కారుతోపాటే చేతికొస్తుంది. అది ఎన్నేళ్లదో, అందులో ఆయిల్ ఎప్పుడు మార్చారో చెప్పేవాళ్లుండరు. మొరాయించగానే దాన్ని పారేయనక్కర్లేదు, చాలావరకు లోపం ఆయిల్‌లోనో గాలిలోనో ఉంటుంది. కానీ దాని మీద నిలబడ్డ కారు కిందికి మాత్రం దూరకండి. జాక్ కొత్తదైనా సరే, ఎత్తడం వరకే దాని పని. ఎత్తిన బరువు మోయాల్సింది జాక్ స్టాండ్లు, అంటే ఎత్తాక కారు కింద నిలబెట్టే ఇనుప స్టాండ్లు. అవి లేకపోతే ముందు అవే కొనండి.

ఆయిల్ సంగతి తర్వాత, ముందు ఇనుము చూడండి. ఎత్తే చెయ్యి వంగినా, వెల్డింగ్ దగ్గర పగులు కనిపించినా, మెరుస్తూ ఉండాల్సిన రామ్ (ఆయిల్ ఒత్తిడికి బయటికొచ్చే ఉక్కు కడ్డీ) మీద గోరుకు తగిలేంత గీతలో తుప్పు గుంటలో ఉన్నా ఆ జాక్ పని అయిపోయినట్టే. గీతలు పడ్డ రామ్ కొత్త సీలును కూడా కోసేస్తుంది.

ఇనుము బాగుంటే లక్షణం చూడండి. పూర్తి ఎత్తుకు రాకుండా ఆగిపోతోందంటే ఆయిల్ తక్కువైంది. హ్యాండిల్ స్పాంజిలా మెత్తగా ఆడుతోందంటే గాలి చేరింది. లేచాక మెల్లగా దిగుతోందంటే వాల్వ్ దగ్గర మురికో, సీలు అరుగుదలో కారణం.

ఆయిల్ పోసేటప్పుడు జాక్ సమతలంగా, పూర్తిగా దించి ఉండాలి. ఆయిల్ పోసే రంధ్రం బిరడా చుట్టూ శుభ్రంగా తుడిచాకే తీయండి, అక్కడి ఇసుక రేణువే రేపు వాల్వ్‌లో ఇరుక్కుంటుంది. ఆయిల్ రంధ్రం అంచుకు కాస్త కిందిదాకా ఉంటే చాలు. రామ్ పైకి లేచి ఉన్నప్పుడు నింపితే, దించేటప్పుడు వెనక్కొచ్చే ఆయిల్‌కు చోటు లేక బయటికి చిమ్ముతుంది. మాన్యువల్ లేకపోతే హైడ్రాలిక్ జాక్ ఆయిల్ అని రాసి ఉన్నదే కొనండి. సాధారణంగా ఐఎస్‌ఓ వీజీ 22 లేదా 32 గ్రేడు (ఆయిల్ చిక్కదనం కొలత) ఉంటుంది. బ్రేక్ ఫ్లూయిడ్ ఒక్క చుక్క కూడా వద్దు. మామూలు బ్రేక్ ఫ్లూయిడ్ గ్లైకాల్ రకం, జాక్‌లోని నైట్రైల్ రబ్బరు సీళ్లు దానికి ఉబ్బి మెత్తబడిపోతాయి. పాత ఆయిల్ పాలలా తెల్లబడితే నీరు చేరినట్టు. అప్పుడు పైన పోసి సరిపెట్టకండి, మొత్తం వంచేసి కొత్తది నింపండి.

తర్వాత గాలి తీయాలి. బరువేమీ పెట్టకుండా రిలీజ్ వాల్వ్ (జాక్‌ను దించే వాల్వ్) తెరిచి, హ్యాండిల్‌ను పూర్తి నిడివితో 10 నుంచి 15 సార్లు పంపు కొట్టినట్టు ఆడించండి. వాల్వ్ బిగించి చివరిదాకా ఎత్తి, మళ్లీ పూర్తిగా దించండి. బిరడా ఒకసారి వదులు చేస్తే చేరిన గాలి పోతుంది. హ్యాండిల్ గట్టిపడేదాకా ఇదే మళ్లీ మళ్లీ చేయండి. జాక్‌ను డిక్కీలో పక్కకు పడుకోబెట్టి తీసుకెళ్తే గాలి మళ్లీ చేరుతుంది.

ఇంతా చేశాక కూడా జారుతుంటే పరీక్ష చేయాలి. చక్రాలు విప్పకుండా, ఎవరూ దగ్గర లేకుండా కారును కొద్దిగా ఎత్తి, జాక్ మీద కారు ఆనే పళ్లెం నేలకెంత ఎత్తులో ఉందో కొలిచి, 15 నిమిషాల తర్వాత మళ్లీ కొలవండి. తేడా వచ్చి, బయట ఎక్కడా ఆయిల్ తడి లేకపోతే అనుమానం రిలీజ్ వాల్వ్ మీదే. ఆయిల్ వంచేసి ఆ స్క్రూ తీస్తే చాలా మోడళ్లలో వెనక చిన్న స్టీలు బాల్ ఉంటుంది. అది దొర్లిపోకుండా కింద ఒక గిన్నె పెట్టుకోండి. బాల్‌నూ అది కూర్చునే చోటునూ తుడిచి తిరిగి పెడితే చాలాసార్లు జారడం ఆగుతుంది. అక్కడే ఉండే ఓవర్‌లోడ్ వాల్వ్ స్క్రూను మాత్రం తిప్పకండి. ఫ్యాక్టరీలో అమర్చిన ఆ పరిమితి పోతే జాక్ తట్టుకోలేని బరువును కూడా ఎత్తబోతుంది.

రామ్ చుట్టూ ఆయిల్ కారుతుంటే సీల్ కిట్ వేయాలి. మోడల్ నంబరుతో వెతకండి, అందాజాగా ఓ-రింగులు కొని వేయకండి. రిటర్న్ స్ప్రింగులు బిగువుగా ఉంటాయి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకునే విప్పండి. కప్ సీలు తెరుచుకున్న వైపు ఆయిల్ ప్రెషర్ వచ్చే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే కొత్త సీలైనా పట్టదు. ఏ సీలు ఎటు తిరిగి ఉందో విప్పుతుండగానే ఫోటోలు తీసుకోండి. మోడల్ లేబుల్ చెరిగిపోయి కిట్ దొరక్కపోయినా, కిట్ వేశాక కూడా జారినా ఇక కొత్తదే మేలు.

కొనేటప్పుడు టన్నులకంటే ముందు ఎత్తులు చూడాలని నా అభిప్రాయం. కారు జాక్ పాయింటు (కారు కింద జాక్ ఆనించే చోటు) నేలకెంత ఎత్తులో ఉందో కొలవండి. జాక్ కనిష్ఠ ఎత్తు అంతకంటే తక్కువుండాలి. మామూలు సెడాన్‌కు 2 టన్నులది సరిపోతుంది. ఎస్‌యూవీకి 3 టన్నులతోపాటు పైకి లేచే ఎత్తు కూడా ఎక్కువ కావాలి. అమెరికాలో ఫ్లోర్ జాక్ అంటారు, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ట్రాలీ జాక్ అని అడగాలి. డబ్బా మీద అమెరికాలో ఏఎస్ఎంఈ పీఏఎస్ఈ, యూరప్‌లో ఈఎన్ 1494, ఆస్ట్రేలియాలో ఏఎస్/ఎన్‌జడ్‌ఎస్ 2615 భద్రతా ప్రమాణాలు చూసుకోండి.

ఏ జాక్ అయినా గట్టి చదును నేల మీదే వాడాలి. చెయ్యి వంపుగా లేస్తుంది కాబట్టి జాక్ చక్రాల మీద కాస్త జరుగుతూ ఉండాలి. కంకరలోనో ఎండకు మెత్తబడిన తారు మీదనో చక్రాలు దిగబడితే జరగలేక కారు ఆనే పళ్లెం పక్కకు తప్పుతుంది. ఆ చక్రాల ఇరుసులకూ చెయ్యి కీళ్లకూ అప్పుడప్పుడు గ్రీజు రాయండి, కారు ఆనే పళ్లెం మీద మాత్రం రాయొద్దు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే లీజు ఒకసారి చదవండి, పార్కింగ్‌లో కారు రిపేర్లు చేయకూడదని చాలా లీజుల్లో ఉంటుంది. వంచేసిన ఆయిల్‌ను డ్రైనేజీలో పోయకుండా మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే కేంద్రంలో ఇవ్వండి.