గణితానుగమనంలో ఉన్నది ‘ఆగమనం’ కాదు

సందేహం: ఇంటర్ పిల్లలకు గణితానుగమనం (మ్యాథమెటికల్ ఇండక్షన్) చెబుతున్నాను. బి.ఎడ్.లో ఆగమన పద్ధతి, నిగమన పద్ధతి అని చదువుకున్నాం. గణితానుగమనం ఆగమన పద్ధతి కిందికే వస్తుందా? గుళ్ల ‘ఆగమం’తో ఈ మాటకేమైనా సంబంధం ఉందా?
– ఒక లెక్కల మాస్టారు, చిత్తూరు

సమాధానం: సంధి విడదీస్తే సగం చిక్కు వీడిపోతుంది. గణిత + అనుగమనం, సవర్ణదీర్ఘ సంధి. అందులో ఉన్నది ఆగమనమే అయితే ‘గణితాగమనం’ అయ్యేది, నడుమ ‘ను’ రాదు. ఆగమనం, నిగమనం, అనుగమనం మూడింటికీ ధాతువు గమ్. అర్థాన్ని మళ్లించేది ఉపసర్గ.

ఆగమనమంటే ఉదాహరణలు చూసుకుంటూ సూత్రం దగ్గరికి రావడం. 1; 1+3=4; 1+3+5=9. బేసిసంఖ్యలను వరసగా కూడితే వర్గాలొస్తాయని తోస్తుంది. అలా తోచడం గొప్ప విషయమే, కానీ రుజువు కాదు. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యనూ, 41నీ కలిపి చూడండి. 0 నుంచి 39 దాకా ఏది తీసుకున్నా ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 దగ్గర 1681 వస్తుంది, అది 41×41.

అనుగమనమంటే వెంట నడవడం. మొదటి ‘క’ బేసిసంఖ్యల మొత్తం క² అనుకుందాం. తర్వాతి బేసిసంఖ్య 2క+1 కలిపితే క²+2క+1, అంటే (క+1)². ఒకదాని వెంట మరొకటి నడిచి తీరాల్సిందే, ఊహకు చోటు లేదు. కాబట్టి పేరెలా ఉన్నా ఇది నిగమనమే, అంటే ఒప్పుకున్నదాని నుంచి తప్పనిసరిగా తేలేదాన్ని రాబట్టడమే. 1, 2, 3లకు సరిచూసి ‘కావున నిరూపితం’ అని రాసిన పిల్లవాడు ఆగమనం దగ్గరే ఆగిపోయాడన్నమాట. మొదటి మెట్టు, అంటే 1కి సరిచూడడం, వదిలేసినా ముప్పే. మొదటి ‘క’ సరిసంఖ్యల మొత్తం క²+క+1 అనుకుని 2(క+1) కలపండి. రెండో మెట్టు, అంటే ‘క’ నుంచి క+1కి వెళ్లడం, చక్కగా కుదురుతుంది. సూత్రం మాత్రం తప్పు: ‘క’ 1 అయినప్పుడు రావలసింది 2, అది చెప్పేది 3.

నిగమనం న్యాయశాస్త్రం మాట. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే అయిదు అవయవాల్లో చివరిది, తేల్చిచెప్పే వాక్యం. మన పాఠ్యపుస్తకాల్లో అది మొత్తం పద్ధతికే పేరైంది. శాస్త్రంలో ఆ పనికి ‘అనుమానం’ అనే మాట ఉంది గానీ, వాడుకలో అది సందేహానికి మారుపేరు కాబట్టి తరగతిలో వాడితే తికమకే.

ఇక ఆగమం. తిరుమలలో వైఖానసం, తిరుచానూరులో పాంచరాత్రం అని మనం వినే ఆగమం పరంపరగా వచ్చిన శాస్త్రం. యోగశాస్త్రం చెప్పే ప్రమాణాల్లోనూ ఆగమం ఉంది, అక్కడ అది ఆప్తవాక్యం, అంటే నమ్మదగినవారు చెప్పిన మాట. ఆగమనం మనమే చూసి, పోల్చి పట్టుకునేది. ధాతువు ఒకటే, దారులు వేరు. అందువల్ల నోట్సులో ‘ఆగమ పద్ధతి’ అని పొట్టిచేసి రాయించకండి, ‘న’ ఉండాల్సిందే.