తక్కువ కొటేషన్, సగం అడ్వాన్సు: కాంక్రీటు పని ఎవరికి ఇవ్వాలి?

ప్రశ్న: ఇంటి ముందు కారు వచ్చే దారితో కలిపి 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు స్థలంలో కాంక్రీటు వేయించాలనుకుంటున్నాం. ముగ్గురు కాంట్రాక్టర్ల దగ్గర కొటేషన్లు తీసుకున్నాం. రెండో ఆయన చెప్పింది 100 అనుకుంటే, ఒకాయన 72కే చేస్తానంటున్నారు, ఇంకొకాయన 118 అడిగారు. తక్కువ చెప్పినాయన సగం డబ్బు ముందే ఇస్తే రేపే పని మొదలుపెడతారట. మా డబ్బంతా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంది, గడువు ఇంకా నాలుగు నెలలు. డిపాజిట్ రద్దు చేసి ఆయనకే ఇచ్చేద్దామని మావారు అంటున్నారు. పర్సనల్ లోన్ తీసుకోవడం మేలని నాకనిపిస్తోంది. ఏం చేయమంటారు? మూడు కొటేషన్లూ జత చేశాను.

జవాబు: ఇప్పటికి ఆ సగం అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి. డిపాజిటా, లోనా అన్నది తర్వాత చూద్దాం. డబ్బు ఎప్పుడెప్పుడు, ఎంతెంత కావాలో తేలితే ఆ ప్రశ్న సగం దానంతటదే తేలిపోతుంది.

మీరు పంపిన కొటేషన్లు చూశాను. 118 అడిగినాయన ఒక పేజీ నిండా రాశారు. 72 చెప్పినాయన కాగితంలో ఉన్నది ఒక్క లైను: ‘800 చదరపు అడుగులు, కాంక్రీటు ఫ్లోరింగ్, మెటీరియల్‌తో సహా’. మందం ఎంతో లేదు, గ్రేడ్ (కాంక్రీటు ఎంత బలంగా ఉండాలో చెప్పే సంఖ్య) లేదు, కింద నేల సిద్ధం చేయడం ఎవరి బాధ్యతో లేదు. అంటే మీ ముందున్నవి ఒకే పనికి మూడు ధరలు కావు, మూడు వేర్వేరు పనులకు మూడు ధరలు. వాటిలో ఏది చౌకో ఇప్పుడే చెప్పడం ఎవరివల్లా కాదు.

మందం ఒక్కటే తీసుకుని లెక్క వేద్దాం. 800 చదరపు అడుగుల్లో 4 అంగుళాల మందం వేస్తే సుమారు 267 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది, అంటే ఏడున్నర ఘనపు మీటర్లు. అదే 3 అంగుళాలు వేస్తే 200 ఘనపుటడుగులతో సరిపోతుంది. మెటీరియల్‌లో నాలుగో వంతు మిగిలిపోయింది. ‘ఒక్క అంగుళమేగా’ అనిపిస్తుంది. కానీ కారు చక్రం కింద పలక వంగి విరగకుండా తట్టుకునే శక్తి మందాన్ని బట్టి కాదు, మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. నాలుగు నాలుగులు పదహారు, మూడు మూళ్లు తొమ్మిది. నాలుగో వంతు కాంక్రీటు తగ్గితే బలం దాదాపు 44 శాతం పోతుంది. పని పూర్తయ్యాక పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. 72 చెప్పినాయన ఇలాగే చేస్తారని నేననడం లేదు. చేయరని మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు.

అందుకే ముందు మీ పని వివరాలు మీరే అర పేజీలో రాసి ముగ్గురికీ ఇచ్చి, దాని మీద మళ్లీ రేటు అడగండి. మందం ఎంత, కాంక్రీటు గ్రేడ్ ఏది, కింద ఎంత లోతు తవ్వి ఎలా గట్టిపరచాలి, మెష్ (ఇనుప వల) వేయాలా వద్దా, వాలు ఎటు, జాయింట్లు (పగుళ్లు అదుపులో ఉండేలా కోసే గీతలు) ఎన్ని అడుగులకు ఒకటి, క్యూరింగ్ (పోసిన కాంక్రీటును తడిగా ఉంచడం) ఎన్ని రోజులు, ఆ నీళ్లు పట్టే బాధ్యత ఎవరిది అన్నవి అందులో ఉండాలి. ఇవి రాయడానికి ఒక సివిల్ ఇంజినీరుకు చిన్న ఫీజు ఇవ్వాల్సి వచ్చినా ఇవ్వండి. ఈ మొత్తం ఖర్చులో అంత ఉపయోగపడే డబ్బు ఇంకొకటి ఉండదని నా నమ్మకం. గ్రేడ్ ఆ ఇంజినీరునే నిర్ణయించమనండి. ఎం20 అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలని, ఎం25 అంటే 25 అని అర్థం. వాలు సాధారణంగా అడుగుకు పావు అంగుళం ఇస్తారు. 20 అడుగుల వెడల్పుకు అది 5 అంగుళాలు అవుతుంది. ఆ వాలు ఇంటి గోడ నుంచి బయటికి ఉండాలి, గోడ వైపుకు కాదు.

ఒకే కాగితం మీద ముగ్గురూ రేట్లు ఇచ్చాక 72 ఎంతకు మారుతుందో చూడండి. 90 దాటవచ్చు, ఆయన పూర్తిగా తప్పుకోనూవచ్చు. అలాగే 118 కాస్త దిగవచ్చు. అప్పుడు మిగిలే తేడానే నిజమైన తేడా.

ఇక మనిషిని ఎలా ఎంచుకోవాలి? నిన్న మొన్న చేసిన పని చూపిస్తామంటే సరేనని సరిపెట్టుకోకండి. కొత్త కాంక్రీటు అందరిదీ బాగానే ఉంటుంది. కనీసం మూడేళ్ల కిందట చేసిన పని చూపించమనండి. అక్కడికెళ్లి అరచేత్తో గట్టిగా రుద్ది చూడండి. చేతికి తెల్లటి పొడి అంటుకుంటోందంటే పైపొర బలహీనంగా ఉన్నట్టే. పోసేటప్పుడు నీళ్లు ఎక్కువయ్యాయో, పైకి తేలిన నీటిని పీల్చడానికి పొడి సిమెంటు చల్లి తాపీతో రుద్దేశారో, క్యూరింగ్ సరిగా చేయలేదో అయి ఉంటుంది. పొడి సిమెంటు చల్లడం చాలాచోట్ల కనిపించే అలవాటే. ఆ రోజు నున్నగా మెరుస్తుంది, కొన్నాళ్లకు పొరలుగా లేస్తుంది. వీలైతే ఒక బకెట్ నీళ్లు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. ఆ ఇంటివాళ్లను ఒక్క మాట అడగండి: పని అయిపోయాక ఏదైనా ఇబ్బంది వచ్చి ఫోన్ చేస్తే ఆయన వచ్చారా?

కాంట్రాక్టర్‌ను కూడా ఒక ప్రశ్న అడగండి: ‘పగుళ్లు వస్తాయా?’ అని. ‘రానే రావు, నాది గ్యారంటీ’ అనే మనిషి కంటే, ‘వస్తాయి, కాకపోతే మనం కోసిన గీతలోనే వచ్చేలా చేస్తాం’ అనే మనిషిని నేను ఎక్కువ నమ్ముతాను. కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, అది దాని స్వభావం. 4 అంగుళాల పలకకు 8 నుంచి 12 అడుగులకు ఒక జాయింటు ఉండాలి, లోతు మందంలో నాలుగో వంతు, అంటే అంగుళం. మీ స్థలం 10 అడుగుల చొప్పున ఎనిమిది చదరాలుగా చక్కగా విడిపోతుంది. ఈ లెక్క మీరు అడగకుండానే చెప్పినాయన ఎవరో గుర్తుపెట్టుకోండి. పోసే రోజు తను స్వయంగా సైట్‌లో ఉంటారా, లేక పని ఇంకొకరికి అప్పగిస్తారా అన్నది, పనివాళ్లకు ప్రమాద బీమా ఉందా అన్నది కూడా అడగండి. బీమా పాలసీ కాపీ తీసుకోండి. మీ ఇంట్లో పనిచేస్తూ వాళ్లలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ భారం మీ మీద పడే అవకాశం ఉంది.

ఇప్పుడు అసలు డబ్బు సంగతి. మీరు ఇచ్చింది ఎంత, జరిగిన పని ఎంత అన్న రెండింటి మధ్య తేడానే మీ రిస్కు. 72లో సగం ముందే ఇస్తే, ఒక్క తట్ట మట్టి కూడా తీయకముందే 36 మీ చేతిలోంచి పోతుంది. ఆయన మధ్యలో వదిలేసి వెళ్తే, మళ్లీ 100 పెట్టి ఇంకొకరితో చేయించుకోవాలి. మొత్తం 136. అందరికంటే ఖరీదైన కొటేషన్ కంటే ఇది ఎక్కువ. పని పూర్తిచేసినా నాసిరకంగా చేస్తే ఇంకా కష్టం. గోడ రంగు నచ్చకపోతే మళ్లీ వేసుకోవచ్చు, కాంక్రీటు అలా కాదు. పగలగొట్టాలి, ఆ ముక్కలు తరలించాలి, మళ్లీ మొదటి నుంచి పోయాలి. పగలగొట్టే ఖర్చు మీ మూడు కొటేషన్లలో దేనిలోనూ లేదు.

కాబట్టి డబ్బు ఎప్పుడూ పని వెనకే నడవాలి. 100 మొత్తానికి నేనైతే ఇలా విడదీస్తాను. ఒప్పందం మీద సంతకాలయ్యాక 10 ఇవ్వండి. తవ్వకం, నేల గట్టిపరచడం, షట్టరింగ్ (కాంక్రీటు పోయడానికి అంచుల్లో బిగించే పలకలు), మెష్ అన్నీ పూర్తయి, పోతకు ముందు మీరు చూశాక 25. కాంక్రీటు పోసి, జాయింట్లు కోశాక 40. క్యూరింగ్ పూర్తయ్యాక 15. మిగిలిన 10 మూడు నెలలు మీ దగ్గరే ఉంచుకుని, నీళ్లు నిలవడం, అంచులు విరగడం లాంటివి లేవని చూసుకుని ఇవ్వండి. మెటీరియల్ కొనడానికి డబ్బు లేదని ఆయన అంటే, అది నిజమే కావచ్చు, చిన్న కాంట్రాక్టర్లకు పెట్టుబడి కష్టంగానే ఉంటుంది. అలాంటప్పుడు ఆయనకు అడ్వాన్సు పెంచే బదులు సిమెంటు, రెడీమిక్స్ (ప్లాంటులోనే కలిపి లారీలో తెచ్చే కాంక్రీటు) డబ్బు మీరే నేరుగా సప్లయర్‌కు కట్టి, బిల్లు మీ పేరు మీద తీసుకుని, ఆ మొత్తం ఆయన లెక్కలో తగ్గించుకోండి. ఆయన పనీ ఆగదు, మీ డబ్బూ మెటీరియల్ రూపంలో మీ ఇంటికే వస్తుంది.

రెండో విడత 25 ఇచ్చే ముందు చూడాల్సింది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ తర్వాత అదంతా కాంక్రీటు కింద కప్పబడిపోతుంది. షట్టరింగ్ పై అంచుల మధ్య ఒక దారం బిగించి, టేపుతో కింది నేల దాకా కొలవండి. అంచుల దగ్గర 4 అంగుళాలు ఉండి మధ్యలో మూడే ఉండటం మామూలుగా జరిగేదే. పది చోట్ల కొలవండి, ఫొటోలు తీసుకోండి. మెష్ వేస్తుంటే అది కవర్ బ్లాకుల (కింద పెట్టే చిన్న దిమ్మల) మీద ఎత్తులో ఉండాలి. మట్టి మీద పరిచి వదిలేస్తే దాని డబ్బు దండగే. నేల మీద గట్టిగా మడమతో తొక్కి చూడండి, దిగబడుతుంటే పోత వాయిదా వేయించండి.

పోసే రోజు ఒకరు ఇంట్లో ఉండండి. రెడీమిక్స్ లారీ వస్తే డ్రైవర్ దగ్గర స్లిప్ తీసుకుని గ్రేడ్, కలిపిన సమయం చూడండి. కలిపినప్పటి నుంచి గంటన్నర, రెండు గంటల్లోపు పోత అయిపోవాలి. మిశ్రమం గట్టిగా ఉంది, లాగడం కష్టంగా ఉందని పైపు పెట్టి నీళ్లు కలపబోతారు. అక్కడ మీరు గట్టిగా వద్దనాలి. అదనపు నీరు ఆవిరైపోయి లోపల సన్నటి ఖాళీలు మిగులుస్తుంది, మీరు డబ్బిచ్చి కొన్న గ్రేడ్ ఆ పైపుతోనే పడిపోతుంది. తర్వాత కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటైతే ఇంకొన్ని రోజులు ఎక్కువ, ఉపరితలం ఎండకుండా తడిగా ఉంచాలి. ఏడో రోజుకు వచ్చే బలం, 28వ రోజుకు రావాల్సిన దానిలో దాదాపు మూడింట రెండు వంతులే. కారు తొందరపడి ఎక్కించకండి.

అదనపు పనుల రేటు కూడా ముందే రాయించుకోండి. తవ్వాక మెత్తటి నేల బయటపడితే ఘనపుటడుగుకు ఇంత అని ఉండాలి. మీ వాట్సాప్ మెసేజ్ లేకుండా చేసిన అదనపు పనికి డబ్బు ఇవ్వబోమని ఒక వాక్యం చేర్చండి. అయినా ఒప్పందం మొత్తం మీద 10 నుంచి 15 శాతం విడిగా పక్కన పెట్టుకోండి. అత్యవసరాల కోసం దాచుకున్న డబ్బు ఏదైనా ఉంటే దానిలోంచి మాత్రం తీయకండి.

ఇప్పుడు మీ ఇద్దరి మాటకు వద్దాం. నాలుగు నెలల కోసం పర్సనల్ లోన్ తీసుకుంటే వడ్డీతో పాటు ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే దానికో చార్జీ కూడా పడవచ్చు. మామూలుగా డిపాజిట్ గడువుకు ముందే రద్దు చేస్తే పోయే వడ్డీ కంటే ఇది ఎక్కువే. ఆ మేరకు మీవారి మాటే సరైందని ఒప్పుకోండి. అయితే మూడో దారి ఉంది. తొందర లేకపోతే గడువు తీరేదాకా ఆగి, ఈలోపు పాత పనులు చూసి, కొటేషన్లు మళ్లీ తీసుకోండి, ఒక్క పైసా నష్టం ఉండదు. ఆగలేకపోతే డిపాజిట్ మీదే ఓవర్‌డ్రాఫ్ట్ (డిపాజిట్‌ను హామీగా పెట్టుకుని, కావలసినప్పుడు కావలసినంత వాడుకోనిచ్చే అప్పు) అడగండి. డిపాజిట్ వడ్డీ కంటే కొంచెం ఎక్కువ రేటు ఉంటుంది కానీ, మీరు వాడుకున్న మొత్తానికి, వాడుకున్న రోజులకే వడ్డీ పడుతుంది. విడతలుగా చెల్లించే ఒప్పందానికి ఇది సరిగ్గా సరిపోతుంది. మొదటి విడత 10ని జీతాల్లోంచి సర్దుకుని, మధ్య విడతలు ఓవర్‌డ్రాఫ్ట్ నుంచి ఇవ్వండి. పోత, క్యూరింగ్ అయిపోయి, ఆపిన ఆఖరి 10 ఇచ్చే రోజు వచ్చేసరికి మీ డిపాజిట్ గడువు కూడా తీరే ఉంటుంది. దాంతో ఓవర్‌డ్రాఫ్ట్ తీర్చేసి, ఆ 10 కాంట్రాక్టర్‌కు ఇచ్చి, మిగిలింది మళ్లీ డిపాజిట్‌లో వేయండి.