చెవులు చెప్పే మాట

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. అమెరికా పడమటి మైదానాల్లో తిరిగే అడవి గుర్రాన్ని పట్టుకొచ్చి కట్టేస్తే అది పడే యాతన రాయాలనుకున్నావు. వస్తువు బాగుంది. కానీ మూడో పేజీకల్లా నీ గుర్రం స్వేచ్ఛ మీద ఉపన్యాసం మొదలుపెట్టింది. అక్కడ గుర్రం మాయమై నువ్వు కనిపించావు.

2002లో డ్రీమ్‌వర్క్స్ వాళ్ళు తీసిన 'స్పిరిట్: స్టాలియన్ ఆఫ్ ది సిమరాన్' అనే యానిమేషన్ సినిమా చూడు. రెండోసారి సౌండ్ తీసేసి చూడు. పంచతంత్రం వింటూ పెరిగిన మనకు జంతువులు మాట్లాడటం వింత కాదు. ఇందులో గుర్రాలు మాత్రం ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, సకిలిస్తాయంతే. సైన్యం కోటలో కల్నల్, స్పిరిట్ అనే ఆ అడవి గుర్రాన్ని మూడు రోజులు తిండీ నీళ్ళూ లేకుండా గుంజకు కట్టేయమంటాడు. అక్కడ ఆపి, చెవులు ఎటు తిరిగాయో, మెడ ఎంత వాలిందో రాసుకో. ఆ బొమ్మ గీసినవాళ్ళు డానర్ అనే నిజం మస్టాంగ్‌ని, అంటే అక్కడి అడవి గుర్రాన్ని, నమూనాగా పెట్టుకున్నారు.

లోపాలూ ఉన్నాయి. ఆ గుర్రానికి కనుబొమలు పెట్టారు. దాని మనసులోని మాట నటుడు మ్యాట్ డేమన్ గొంతులో వినిపిస్తుంది. నాకైతే చాలాచోట్ల అది అక్కర్లేదనిపించింది. చెవులు చెప్పేసిన సంగతినే గొంతు మళ్ళీ చెబుతుంది. నీ కథలో జరిగిందీ అదే.

ఇంకో మాట. 'అనాదిగా ఈ నేల గుర్రాలదే' అని రాశావు. అక్కడి పాత గుర్రాలు వేల ఏళ్ళ కిందటే అంతరించాయి. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు ఓడల్లో మళ్ళీ తెచ్చారు. వాళ్ళ చేతుల్లోంచి తప్పించుకున్నవాటి సంతతే ఈ మస్టాంగ్‌లు. ఆ పేరే, యజమాని లేని పశువు అనే అర్థమున్న స్పానిష్ మాట నుంచి వచ్చింది. అంటే నీ గుర్రం తాతముత్తాతలు ఒకప్పుడు జీను మోసినవే! ఇది నీ కథకు అడ్డం కాదమ్మా, బలం. జీను వీపుకు తగిలే ఘట్టం ఈ సంగతి మనసులో పెట్టుకుని మళ్ళీ రాయి.

నీ కథలోని కుర్రాణ్ణి 'రెడ్ ఇండియన్' అని వదిలేయకు. ఏ తెగవాడో తేల్చుకో. సినిమాలో లిటిల్ క్రీక్ అనే కుర్రాడు లకోటా తెగవాడు. గుర్రాన్ని మచ్చిక చేయాలని నానా తంటాలు పడి, చివరికి తనే వదిలేస్తాడు.

మస్టాంగ్‌ని చూడ్డానికి అమెరికా వెళ్ళనక్కర్లేదు, గుర్రం ఎక్కడైనా గుర్రమే. ఒకసారి మా వీధిలో పెళ్ళి బరాత్‌కి తెల్ల గుర్రాన్ని తెచ్చారు. బ్యాండ్ మోగగానే దాని ఒక చెవి డప్పు వైపు, రెండోది వీపు మీది పెళ్ళికొడుకు వైపు తిరిగాయి. కాలు కదల్లేదు, మెడ కింద చర్మం మాత్రం సన్నగా వణికింది. ఈ సీజన్‌లో అలాంటి గుర్రం పక్కన ఓ గంట నిలబడు. ఒక పేజీ రాసి పంపు. అందులో 'భయం' అన్న మాట ఎక్కడా రాకూడదు.