ఒక్క తీగ మీద లేచిన అల

ప్రశ్న: మా అబ్బాయి ఇంట్లో ఒక గిటారు రికార్డు పదేపదే పెడుతుంటాడు. అది అమెరికా గిటారు విద్వాంసుడు డిక్ డేల్ వాయించిన ‘మిసిర్లూ’ అట. విన్నప్పుడల్లా నాకు పిల్లలకు మొట్టమొదట నేర్పే మాయామాళవగౌళే చెవిన పడుతోంది. ఇది నా భ్రమా? డేల్ తొలి ఆల్బమ్ ‘సర్ఫర్స్ ఛాయిస్’తోనే సర్ఫ్ రాక్ (పలక మీద సముద్రపు అలలెక్కే సర్ఫర్ల గిటారు సంగీతం) పుట్టిందని కూడా మావాడు వాదిస్తాడు. ఆ ఆల్బమ్ ఎలా తయారైందో, జనం దాన్ని ఎలా ఆదరించారో వివరంగా చెప్పగలరా?
— ఒక సంగీత ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం

జవాబు: మీ చెవి మిమ్మల్ని మోసం చేయలేదు. ‘మిసిర్లూ’ డేల్ కట్టిన బాణీ కాదు. అది తూర్పు మధ్యధరా తీరంలో గ్రీకులు, అరబ్బులు, తురుష్కులు, యూదులు అందరూ తమదిగా పాడుకున్న పాత పాట. ఆ పేరుకు ‘ఈజిప్టు అమ్మాయి’ అని అర్థం. మనకు తెలిసిన తొలి రికార్డింగు 1927 నాటి గ్రీకు గాయకుడు తెతోస్ దెమెత్రియాదెస్‌ది. అరబ్బు సంగీతంలో హిజాజ్ కార్ అని పిలిచే మకామ్‌కు (మన రాగం లాంటిదానికి) దగ్గరి స్వరాలు ఇందులో ఉన్నాయి. వాటిని మన లెక్కలో రాసుకుంటే శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం, అంటే అచ్చంగా మన 15వ మేళం, మాయామాళవగౌళ. అయితే స్వరస్థానాలు కలిసినంత మాత్రాన రాగం ఒకటే అనలేమని మీకు నేను చెప్పనక్కరలేదు. గమకం లేదు, సంచారం వేరు, ఒకచోట నిలిచి రాగాన్ని విప్పే పద్ధతీ లేదు. అయినా డేల్ ఒక్కో స్వరాన్ని అతివేగంగా మీటి మీటి వదిలే తీరు వింటే నాకు ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు పలికే జంట స్వరాల సాధనే గుర్తుకొస్తుంది.

ఈ పాట ఆయన చేతికి రావడం యాదృచ్ఛికం కాదు. రిచర్డ్ మన్సూర్‌గా 1937లో బోస్టన్‌లో పుట్టిన డేల్ తండ్రిది లెబనాన్ నుంచి వచ్చిన కుటుంబం. పినతండ్రి ఊద్ అనే అరబ్బు తంత్రీవాద్యం వాయించేవారు, దర్బుకా అనే చేతి డప్పును డేల్‌కు నేర్పింది కూడా ఆయనే. ఒక్క తీగ మీదే ఏదైనా పాట వాయించగలవా అని ఒక పిల్లవాడు అడిగితే, మర్నాడు వచ్చి విను అని మాట ఇచ్చి, రాత్రంతా ఆలోచించగా చిన్నప్పుడు విన్న ఈ పాట తట్టిందని డేల్ తరచూ చెప్పుకునేవారు. దర్బుకా మీద వేళ్లు పలికించిన లయే పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) పట్టిన చేతికి ఎక్కింది కాబట్టే ఆ వాద్యంలో గిటారు కంటే డప్పు ఎక్కువగా వినిపిస్తుందని నా అభిప్రాయం.

ఇక ఆల్బమ్ సంగతి. 1954లో ఆ కుటుంబం కాలిఫోర్నియాకు మారింది. అక్కడే డేల్ పలక మీద అలలెక్కడం, అంటే సర్ఫింగ్, నేర్చుకున్నారు. 1961 వేసవిలో న్యూపోర్ట్ బీచ్‌లోని బల్బోవాలో ఉన్న రాండెవూ బాల్‌రూమ్‌లో కచేరీలు మొదలుపెట్టారు. ఒకప్పుడు పెద్ద పెద్ద జాజ్ బృందాలు వాయించిన ఆ నృత్యశాల అప్పటికి కళ తప్పి ఉంది. కుర్రకారుకు గిటారు సంగీతం అంటే ఊరి పెద్దలు అనుమానపడి, మగపిల్లలు టై కట్టుకుని రావాలని షరతు పెట్టారు. సముద్రం నుంచి నేరుగా వచ్చే పిల్లలకు టైలు ఎక్కడివి? గుమ్మం దగ్గర పెట్టెలో టైలు పెట్టుకుని ఒక్కొక్కరికీ పంచారట. చెప్పుల్లేని కాళ్లు, మెడలో టై, లోపల చెక్కనేల అదిరేలా వేలమంది ఒక్కసారిగా పాదాలు తాటించే ‘స్టాంప్’ నాట్యం: ఈ ఆల్బమ్‌ను ఆ నేల మీద నిలబడి విన్నట్టుగా వినాలి.

1962 నవంబరులో డేల్ తండ్రి నడిపిన డెల్‌టోన్ అనే చిన్న కంపెనీ ‘సర్ఫర్స్ ఛాయిస్’ను విడుదల చేసింది. అందులో కొంత భాగాన్ని ఆ బాల్‌రూమ్‌లోనే, జనం ముందే రికార్డు చేశారు. అట్ట మీద పలకపై అలనెక్కిన డేల్ బొమ్మ ఉంటుంది. లోపల ఉన్నదంతా వాద్యమే అనుకుంటే పొరపాటు. ‘ఫానీ మే’, ‘నైట్ ఔల్’ లాంటి నల్లజాతి లయగీతాలను (రిథమ్ అండ్ బ్లూస్) డేల్ స్వయంగా పాడారు, శాక్సొఫోన్ కూడా గట్టిగానే వినిపిస్తుంది. ‘మిసిర్లూ ట్విస్ట్’ అనే పేరుతో మీరు అడిగిన పాట కూడా ఇందులో ఉంది.

సర్ఫ్ రాక్ దీనితోనే పుట్టిందన్న మీ అబ్బాయి మాటను కొద్దిగా సవరించాలి. డేల్ ‘లెట్స్ గో ట్రిప్పిన్’, బెల్‌ఎయిర్స్ బృందం ‘మిస్టర్ మోటో’ రెండూ 1961లోనే వచ్చాయి. అయితే విడివిడి పాటలుగా తిరుగుతున్న ఆ ధ్వనిని ఒక పూర్తి ఆల్బమ్‌గా, సర్ఫర్ల పేరు పెట్టి మరీ నిలబెట్టిన తొలి రికార్డుల్లో ముందు చెప్పవలసింది మాత్రం దీన్నే.

ప్రశ్న: గిటారు నేర్చుకుంటున్నాను. సర్ఫ్ సంగీతం అంటే నీళ్లలో మునిగినట్టుండే రివర్బ్ ధ్వనే అని అందరూ అంటారు. కానీ ‘సర్ఫర్స్ ఛాయిస్’లో అది వినిపించడం లేదు. నా స్పీకర్లలోనే లోపమా?
— ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మీ స్పీకర్లలో లోపం లేదు. ఆ ఆల్బమ్‌లో రివర్బ్ లేదని, సర్ఫ్ ధ్వనికీ రివర్బ్‌కూ సంబంధమే లేదని డేల్ స్వయంగా అనేవారు. గుడి మండపంలో పలికిన మాట కాసేపు అక్కడక్కడే తిరిగినట్టు, పెట్టెలోని స్ప్రింగుల గుండా ధ్వనిని పంపి తిరిగి తెచ్చేదే ఫెండర్ రివర్బ్ యంత్రం. డేల్‌కు అది మొదట కావలసింది తన గొంతు కోసం. గిటారుకు తగిలించడం తర్వాతి మాట.

ఈ ఆల్బమ్‌లో వినవలసింది చేతి బలం. తీగల మందాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. మీ ఎలక్ట్రిక్ గిటారుకు బహుశా 9 లేదా 10తో మొదలై 42 లేదా 46 దాకా ఉండే తీగలుంటాయి. డేల్ వాడినవి 16 నుంచి 60 దాకా! పైగా ఆయన ఎడమచేతివాటం, తీగల వరుస మార్చకుండానే గిటారును తిప్పి పట్టేవారు. కాబట్టి సన్నతీగ పైన, మందతీగ కింద, నేలవైపు ఉండేవి. ఆ దెబ్బకు అప్పట్లో దొరికే యాంప్లిఫయర్లు, స్పీకర్లు నిలవలేదు. చాలావరకు కాలిపోయాయి, చినిగిపోయాయి. చివరికి ఫుల్లర్టన్ నుంచి ఫెండర్ గిటారు కంపెనీ స్థాపకుడు లియో ఫెండర్, ఆయన సహచరుడు ఫ్రెడీ తవారెస్ కచేరీకి వచ్చి, జనం మధ్య నిలబడి విన్నాక గానీ సమస్య ఏమిటో వారికి బోధపడలేదు. ఆ తర్వాత తయారైందే 15 అంగుళాల జేబీఎల్ స్పీకరుతో కూడిన షోమన్ యాంప్లిఫయర్.

ప్రశ్న: అంత గొప్ప ఆల్బమ్ అయితే డేల్ పేరు కాలిఫోర్నియా గాయక బృందం బీచ్ బాయ్స్ పేరంత ఎందుకు వినిపించదు?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సొంత ప్రాంతంలో దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 1963లో కాపిటల్ కంపెనీ దేశమంతటా పంపిణీకి తీసుకుంటే అమెరికా పత్రిక బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల జాబితాలో 59వ స్థానం దాకా వెళ్లింది. బీచ్ బాయ్స్ అదే ఏడాది తమ ఆల్బమ్‌లో ‘మిసిర్లూ’, ‘లెట్స్ గో ట్రిప్పిన్’ రెండింటినీ వాయించడం కంటే పెద్ద మెప్పు ఏముంటుంది? అయితే వారి పాటల్లో మాటలున్నాయి, కలిసి పాడే గొంతులున్నాయి. సముద్రం చూడని ఊళ్లకు కూడా ఆ మాటలు చేరాయి. డేల్ సంగీతాన్ని దగ్గరుండి ఒంటితో వినాలి. దూర ప్రయాణాలంటే ఆయనకు పెద్దగా ఆసక్తి ఉండేది కాదు. 1964లో బీటిల్స్ వచ్చేసరికి వాద్యగీతాల గిరాకీ పడిపోయింది. రాండెవూ బాల్‌రూమ్ 1966లో కాలిపోయింది.

1994లో ‘పల్ప్ ఫిక్షన్’ సినిమా పేర్ల దగ్గర ‘మిసిర్లూ’ మోగడంతో కొత్త తరం ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. సినిమాలో వినిపించేది 1962లో విడిగా వచ్చిన సింగిల్ (ఆల్బమ్ కాని విడి రికార్డు). రాజమహేంద్రవరం పాఠకురాలు మొదట ఆ సింగిల్‌ను, తర్వాత ఆల్బమ్‌లోని ‘మిసిర్లూ ట్విస్ట్’ను పెట్టి, మధ్యలో శిష్యుల చేత మూడో కాలంలో జంట స్వరాలు పాడించి చూస్తే ఎంత బాగుంటుందో! వారికి ఏమి వినిపించిందో రాసి పంపితే తప్పక ప్రచురిస్తాము.